ఆ ట్రాక్టర్ నడిపింది మా మేనత్త

మా మేనత్త పోయి ఇరవై రోజులైంది. కిడ్నీ జబ్బు. మా వజ్రపుకొత్తూరు వైపు ఇంటింటా ఉన్న జబ్బే, ఇంతకు మించి చెప్పక్కర్లేదు. పెద్దకర్మ రోజున వచ్చినవాళ్లంతా ఆమె ట్రాక్టర్ గురించే చెప్పుకున్నారు. అందరికన్నా ముందు చెప్పాల్సిన నేను మాత్రం వంటల దగ్గరే ఉండిపోయాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌కి చేపల వేటకి వెళ్లేవాడు. పడవ తప్ప ఏదీ నడపడం ఆయనకి రాదు, సైకిల్ కూడా. అత్తే ఒక చిన్న ట్రాక్టర్ కొని, నడపడం తనే నేర్చుకుంది. కొబ్బరి వరసల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగలేదు, ఇది తిరుగుతుంది. చీర మీద మావయ్య పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటలన్నీ కిరాయికి దున్నేది. పదకొండేళ్లు దున్నింది.

మొదట్లో వేళాకోళం చేసేవాళ్లు. "మీ ఆయన సముద్రం దున్నుతుంటే నువ్వు నేల దున్నుతున్నావేటే?" అనేవాళ్లు.

"ఆయన దున్నినకాడ ఏటీ మొలవదు కదా, అందుకని" అనేది.

చెట్టు మొదలు దగ్గరికొస్తే బండి నెమ్మది చేసేది. "ఏర్లు తెగితే సెట్టు అప్పుడే సెప్పదు, మూడేళ్లకి సూపిస్తాది" అని తోట యజమానులకి చెప్పేది. సాయంత్రం ఇంటికొచ్చాక చక్రాల మట్టి కడిగి, వెనక మట్టి తిరగేసే రోటవేటర్‌కి చుట్టుకున్న గడ్డిని చేత్తో లాగి తీసి, అప్పుడు గాని తన కాళ్లు కడుక్కునేది కాదు.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేను. పలాసలో కాలేజీలో చేరిన రోజు ఆ ట్రాక్టర్ మీదే తీసుకెళ్లింది. గేటు కనబడగానే "ఇక్కడ దిగిపోతానత్తా" అన్నాను. "అవునే, ఈ మట్టి సక్రాలు అక్కడిదాకా ఎందుకు" అని ఆపేసింది. అప్పుడు పడిన సిగ్గుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. కానీ అది చిన్న తప్పు.

రెండేళ్ల కిందట డాక్టర్ ఇక బండి ఎక్కొద్దన్నాడు. అమ్మేద్దామనుకుంది. ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టే పని నాకు అప్పగించింది. మొదట వచ్చినాయన చుట్టూ తిరిగి చూసి, ఎవరు నడిపారని అడిగాడు. మా అత్త అన్నాను. "ఆడమనిషి తోలిన బండా? కిలచ్చి అరిగిపోయుంటాది" అని క్లచ్ మీద వంక పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. రెండో ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

మూడో ఆయన నిమ్మాడ నుంచి వచ్చిన రైతు. ఆయనా అదే అడిగాడు. "మా మావయ్య నడిపారండీ. ఒక్క చేతి మీదున్న బండి" అన్నాను.

అత్త మంచినీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన స్టార్ట్ చేసి, వీధి కొసదాకా నడిపి తిరిగొచ్చాడు. "ఇంజిను సప్పుడే సెప్తంది. మీ మావ బండిని పెళ్లాం కన్నా బాగా సూసుకున్నాడమ్మా" అన్నాడు. అత్త చెంబు అందిస్తూ, "అవును బాబూ, ఆయనకి ఈ బండంటే పేణం" అంది. నన్ను కాపాడడానికే అంది.

ఆయన వెళ్లాక, "అత్తా, అమ్ముడుపోవాలని అలా..." అని మొదలుపెట్టాను.

"సదూకున్నదానివి. ఎలా సెప్పాలో నీకు తెల్దేటి" అంది. ఆ గొంతులో కోపం లేదు. నేను బాగా చదివిననాడు మెచ్చుకుంటూ ఎలా అనేదో అలాగే అంది.

తర్వాత రెండేళ్లు ఆమెని డయాలసిస్‌కి తీసుకెళ్తూ బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. దారిలో దున్నిన తోట కనబడితే, ఎవరు దున్నారో, ఎక్కడ లోతు ఎక్కువైందో చెప్పేది. ఆ రోజు తప్పు చేశానత్తా అనడానికి అన్ని గంటలు దొరికాయి. అనలేదు.

మొన్న నిమ్మాడ రైతుకి ఫోన్ చేశాను. "మీకు అబద్ధం చెప్పానండీ. ఆ బండి నడిపింది మా మావయ్య కాదు, మా అత్త. ఆ రోజు మీకు మంచినీళ్లు ఇచ్చింది కదా, ఆవిడే. పోయిందండీ."

"అప్పుడే సెప్పుంటే కొనుండను. నిజమే సెప్తన్నానమ్మా" అన్నాడు. మళ్లీ ఆయనే, "కిలచ్చి పెడలు మీద కాలందడానికి సెక్కముక్కొకటి బిగించుండేది. మీ మావ మరీ పొట్టోడేటి అనుకున్నాను. పాదం అచ్చు పడిపోయుండేది దాని మీద. నాకు మోకాలు తగుల్తందని తీసీసినాను" అన్నాడు.

ఆ చెక్క సంగతి నాకు తెలియనే తెలియదు. అంతకాలం ఆ ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుని తిరిగాను, ఆమె పాదం ఎక్కడ ఆనుతోందో ఒక్కసారీ చూడలేదు.

"ఇంకా ఉందాండీ అది?"

"సామాన్ల పెట్లో పడేసినట్టు గురుతు. ఉండు, సూస్తాను."

ఫోన్ ఎక్కడో పెట్టాడు. రేకు మూత తెరుచుకుంది. పానాలు, బోల్టులు ఒక్కొక్కటే బయటికి తీసి పెడుతున్న చప్పుడు మొదలైంది. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని వింటూ నిలబడ్డాను.