బ్యాటు ఊపని చిట్టి

ఆ రోజుల్లో మా క్యాంపస్‌లో బేస్‌బాల్ ఆడే ఆడపిల్లలంటే జనం ఒక రకంగా చూసేవారు. ఏదో పేరు తెలియని జబ్బు చేసి కోలుకుంటున్నవాళ్లను చూసినట్టు కొంచెం జాలి, కొంచెం కుతూహలం, చాలా దూరం. క్రికెట్ అందరికీ తెలుసు, కబడ్డీ అంటే ప్రాణం, ఖోఖో అంటే గౌరవం. మాది మాత్రం పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే ప్రతి అంకుల్‌కూ మొదటినుంచి చెప్పుకోవాల్సిన ఆట. "ఇది క్రికెట్టేనా అమ్మా?" అని ఆగేవారు. "కాదంకుల్." "మరి వికెట్లేవి?" "ఉండవంకుల్." "వికెట్లు లేకుంట ఔట్ ఎట్ల చేస్తరు?" అక్కడికి వచ్చేసరికి నా ఓపిక అయిపోయేది. ముఖం మీదికి ఇనప జాలీ దించుకుని, వెళ్లి నా చోట గొంతుక్కూర్చునేదాన్ని. నేను క్యాచర్‌ని. బ్యాటు పట్టుకున్న అమ్మాయి వెనకాల కూర్చుని, ఆమె కొట్టకుండా వదిలేసిన బంతులన్నీ పట్టుకోవడం నా పని. (అందరూ వదిలేసినవి పట్టుకోవడం నాకు ఇంట్లో అలవాటే, నేను రెండో కూతురిని.)

మాది లాలాగూడ రైల్వే క్వార్టర్స్. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నా ఆట గురించి నాన్నకు చెప్పబోయి ఒకసారి బాగా దొరికిపోయాను. "బంతి ఇసిరే పిల్లను పిచ్చర్ అంటరా? మరి దాని ముంగట కూసోని ఆ దెబ్బలు తినేదాన్ని ఏమంటరు, పెద్ద పిచ్చరా?" అన్నాడు. అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. బ్యాటర్ కాళ్ల దగ్గర నేలలో ఉండే హోమ్ ప్లేటును కాపాడటమే నా బాధ్యత అని నేను గర్వంగా చెబితే, "ఇంట్ల పళ్లెం కడుగుడు శాతగాదు గని, గాడికి పోయి పళ్లెం కాపాడుతదట" అంది. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే, ఆ జాలీ వెనకాల కూర్చున్నప్పుడు మాత్రమే నేనొక మనిషినని నాకు అనిపించేది. క్లాసులో నేను ముందు బెంచీ కాదు, వెనక బెంచీ కాదు. గ్రౌండ్‌లో మాత్రం జట్టు మొత్తం నా వైపే తిరిగి నిలబడేది. క్యాచర్ తప్ప మిగతా అందరూ అటునుంచి ఇటు చూడాల్సిందే మరి.

పీజీ రెండో ఏడు మొదలయ్యేసరికి పదిమందిమి ఉండే ఆ జట్టు దాదాపు సగం ఖాళీ అయింది. మాలో అందరికంటే ముందు బ్యాటింగ్‌కు వెళ్లే అక్కకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. దూరంగా గడ్డిలో నిలబడి పెద్ద పెద్ద బంతులు పట్టే ఔట్‌ఫీల్డ్ అమ్మాయిలు ముగ్గురిలో ఒకరికి పెళ్లయింది, ఒకరు బీఎడ్‌కు వాళ్ల ఊరికి పోయారు, మూడో ఆమె ఎండకు నల్లబడుతున్నానని మానేసింది. వ్యాయామం చూసే మా పీడీ సార్ నన్ను పిలిచి, "చూడు బిడ్డా, ఇంటర్ కాలేజీ టోర్నమెంట్‌ల తొమ్మిదిమంది దిగాలె. ఒక్కరు తక్కువైనా, ఫస్ట్ మ్యాచ్‌లనే పరువు పోయినా, ఆడపిల్లల బేస్‌బాల్ ఈ ఏడుతోని బంద్. సామాను స్టోర్ల పెట్టి తాళమేస్తా" అన్నారు. ఆయన కోపిష్టి కాదు. అందుకే భయమేసింది, కోపంతో అన్న మాటైతే సాయంత్రానికి మరిచిపోయేవారు. నేను "తెస్త సార్" అన్నాను. ఎక్కడినుంచి తెస్తానో నాకూ తెలియదు. తెస్తానన్నందుకు అక్కడికక్కడే నన్ను కెప్టెన్‌ను చేశారు.

మొదటి ఔట్‌ఫీల్డర్ నాకు తార్నాక చౌరస్తాలో దొరికింది. కదిలిపోతున్న బస్సు వెనకాల మేమిద్దరం పరుగెత్తాం. నేను రొప్పుతూ ఆగిపోయాను, ఆమె మాత్రం ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో చున్నీ పట్టుకుని బస్సును దాటి ముందుకు పోయి, డ్రైవర్‌ను బెదిరించి ఆపి ఎక్కింది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే హిస్టరీ అమ్మాయి అని తెలుసుకుని మర్నాడు డిపార్ట్‌మెంట్ మెట్ల మీద పట్టుకున్నాను. "బస్సునే పట్టినదానివి, బంతి పట్టలేవా?" అంటే, "బస్సు సీదా పోతది. బంతి ఎటు పోతదో ఎవలికెరుక?" అంది. ప్రాక్టీసు పొద్దున్నే ఉంటుందని తెలియగానే మాత్రం ముఖం వెలిగిపోయింది. "అంటే ఇంట్ల నీళ్లు పట్టే పని మా తమ్మునికి పడ్తది. వస్తా పో." ఆ రోజునుంచి ఆమె పేరే మాకు బస్సు అయింది.

రెండో ఆమెది సీతాఫల్‌మండి. చర్చిలో పాడే గొంతు. క్యాంటీన్‌లో ఆమె చాయ్ కావాలని అడిగితే కిచెన్‌లో నిద్రపోతున్న పిల్లి కూడా లేచేది. ఔట్‌ఫీల్డ్‌లో బంతి పైకి లేచినప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకేసారి పరుగెత్తి గుద్దుకోకుండా, మధ్యలో నిలబడ్డ అమ్మాయి "నాది!" అని అరవాలి. ఆ అరుపు కోసమే ఆమెను బతిమాలుకున్నాను. "ఆదివారం రాను, పాస్టరమ్మకు మాటిచ్చిన" అని ఒక్క షరతు పెట్టింది. సరే అన్నాను. ఆమె కోయిల.

ఇక మిగిలింది కుడివైపు చోటు. అటు బంతులు తక్కువగా వస్తాయి కాబట్టి అక్కడ ఎవరైనా సరే అనుకున్నాను. లేడీస్ హాస్టల్ మెస్‌లో జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఎంఏ తెలుగు మొదటి ఏడు పిల్ల, నా భుజం వరకు కూడా రానిది, ఒంటరిగా అన్నం తింటూ కనబడింది. "అక్కా, నాకు ఆటలు రావు" అంది. "రాకున్నా మంచిదే, నిలబడితే చాలు" అన్నాను. అన్నం కలుపుకుంటూనే, "నిలబడుడైతే వస్తది" అంది. ఆమె చిట్టి. ఇలా తొమ్మిదిమందీ అయ్యారు. ఇంటికి వెళ్తూ దారంతా ఈల వేశాను. (లాలాగూడలో ఈల వేస్తే రైలు గార్డులందరూ తిరిగి చూస్తారని మరిచిపోయి.)

కానీ అసలు తగాదా ముందుంది. మొదటి బ్యాటర్ ఎవరు? మా పిచ్చర్, మేం లంబు అని పిలిచే పొడుగమ్మాయి, ఆ చోటు తనదేనని ఎప్పుడో తీర్మానించుకుంది. పీడీ సార్‌దీ అదే మాట: "ఓపెనర్ అంటే బాదాలె. లంబుకు భుజాలున్నయి." నాకూ అదే సరైనదనిపించింది, ప్రాక్టీసులో చిట్టి బ్యాటు పట్టేవరకు. లంబు వరసగా బంతులు విసిరింది. చిట్టి కదలలేదు. ఒకటి పక్కనుంచి పోయింది, ఒకటి తలపైనుంచి పోయింది, ఒకటి కాళ్ల ముందు పడింది. అన్నీ నేనే పట్టాను. "కొట్టవేంది?" అన్నాను విసుగ్గా. "అవి నాకందేటివి కావక్కా. అందనిదానికి ఊపుడెందుకు?" అంది. చివరికి ఒక్క బంతి సరిగ్గా వచ్చింది. దాన్ని ఊరికే తాకించింది. అది మెల్లగా దొర్లుకుంటూ పోయింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే మా ఆటలో బంతి హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్యలోనుంచి పోవాలి. అలా కాకుండా నాలుగు పోతే, బ్యాటు ఊపని అమ్మాయి హాయిగా మొదటి బేస్‌కు నడిచి పోవచ్చు. అలా మూడు బేస్‌లూ దాటి మళ్లీ హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. చిట్టి మోకాలికీ ఛాతీకీ మధ్య ఉన్న జాగా ఎంతని! అందులోకి బంతి వేయడమంటే సందులోనుంచి ఆటో తిప్పినట్టే.

అయినా ఆమెను అందరికంటే ముందు పంపే ధైర్యం చాలలేదు. ఆ సాయంత్రం చిట్టితో కలిసి తార్నాక వైపు నడిచాను. జామకాయల బండి దగ్గర ఆగాం. నేను చేతికి అందినవి మూడు తీసుకుని తినడం మొదలుపెట్టాను. ఒకటి పచ్చిది, ఒకటి పురుగుది. చిట్టి ఒక్కొక్కటే పట్టుకుని చూసి, మళ్లీ పెట్టేసి, చివరికి ఏదీ తీసుకోకుండా బండాయనకు నవ్వుతూ చేయి ఊపి వచ్చేసింది. "ఆకలైతలేదా?" అంటే, "అయితుంది. గని మంచిది లేదు కదా" అంది. పురుగు జామకాయ నోట్లో ఉండగానే, మొదటి బ్యాటర్ చిట్టే అని నేను నిర్ణయించుకున్నాను.

సార్‌కు చెబితే తల పట్టుకున్నారు. "కొట్టనిదాన్ని అందరికన్న ముందు పంపుతవా? నవ్వుతరు బిడ్డా." "నవ్వనీయండి సార్. ఆమె బేస్ మీదికి పోతది." "పోకుంటే?" పోకుంటే నా కెప్టెన్సీ, నా జాలీ, మా తొమ్మిదిమంది ఆట, అన్నీ స్టోర్ గదిలోకే. "నా జిమ్మేదారి సార్" అన్నాను. ఆయన కాగితం మీద చిట్టి పేరు అన్నిటికన్నా పైన రాసి, "సరే, నీ ఇష్టం" అన్నారు. లంబు నాతో మాట్లాడటం మానేసింది. మాటలకు బదులు బంతులు విసిరేది. ఆ వారమంతా నా అరచేయి పూరీలా పొంగి ఉండేది.

మ్యాచ్ రోజు పొద్దున అవతలి కాలేజీ అమ్మాయిలు అందరూ ఒకే రంగు బట్టల్లో, ఒకే రకం సంచులతో దిగారు. మేం చూస్తే ఎనిమిదిమందిమే ఉన్నాం. మా బస్సు పిల్ల రాలేదు. అంపైర్ గడియారం చూసుకుంటున్నాడు. ఫోన్ చేస్తే, "సిగ్నల్ కాడ బస్సు ఆగిపోయింది, దిగి ఉరుకుతున్న, ఆపుండ్రి ఆళ్లను!" అని రొప్పుతూ అరిచింది. ఆపడానికి నేనేం చేయాలో తోచక, కాలికి కట్టుకున్న ప్యాడ్ విప్పి మళ్లీ కట్టుకున్నాను. మళ్లీ విప్పాను. అంపైర్, "ఏమ్మా, ఆట ఉన్నదా లేదా?" అని అడిగేసరికి చెట్ల కిందనుంచి, వాకింగ్ అంకుల్స్‌ను రెండు వైపులా చెదరగొట్టుకుంటూ బస్సు వచ్చింది. ఆమెను చూసి నేను ఎంత గట్టిగా ఊపిరి వదిలానంటే ముఖం మీది జాలీ కదిలింది.

ఆట మొదలైంది. కోయిల మొదటిసారి "నాది!" అన్నప్పుడు మా వాళ్లే కాదు, పక్క గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్న అబ్బాయిలు కూడా క్యాచ్ వదిలేశారు. ఆమె మాత్రం బంతిని రెండు చేతులతో గుండెలకు హత్తుకుని పట్టేసింది. చిట్టి మొదటి బ్యాటర్‌గా పోయి నిలబడింది. నాలుగు బంతులూ పక్కకు పోయాయి. బ్యాటు మెల్లగా కింద పెట్టి, గుడికి పోతున్నట్టు మొదటి బేస్‌కు నడిచింది. రెండోసారీ అంతే. అవతలి పిచ్చర్ ముఖం ఎర్రబడింది. గట్టు మీద కూర్చున్న అంకుల్ ఒకాయన తట్టుకోలేక, "కొట్టమ్మా! బ్యాటు ఎందుకిచ్చిన్రు నీకు?" అని అరిచాడు. చిట్టి ఆయన వైపు తిరిగి, మర్యాదగా తల ఊపి, మళ్లీ కొట్టలేదు.

చివరి వంతు మాదే. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, మాలో ఇంకొక్కరు ఔటైతే ఆట మళ్లీ సాగాలి. అంతవరకు ఆగే బలం లంబు భుజంలో లేదు. నేను ఎలాగో కొట్టి బేస్ ఎక్కాను. బస్సు బంతిని పక్కకు దొర్లించి, బంతికంటే ముందు బేస్ చేరుకుంది. కోయిలకు బంతి భుజానికి తగిలి (ఆ కేక సీతాఫల్‌మండిలో వాళ్లమ్మకు వినబడే ఉంటుంది) ఆమెకూ ఒక బేస్ దక్కింది. అలా జరిగి జరిగి నేను మూడో బేస్ మీదికి వచ్చాను. మూడు బేస్‌లూ నిండాయి. బ్యాటింగ్‌కు చిట్టి.

ఇప్పుడామె నడిస్తే అందరం ఒక్కో బేస్ జరుగుతాం, నేను ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కు, చేరతాను, గెలుస్తాం. అవతలివాళ్లకూ అది తెలుసు. పిచ్చర్ ఈసారి నింపాదిగా వేసింది. రెండు సరిగ్గా పడ్డాయి, మూడు పక్కకు పోయాయి. ఇంకొక్కటి. సరిగ్గా పడి మూడైతే చిట్టి ఔట్, పక్కకు పోతే మా గెలుపు. ఇంతసేపూ ఊపకు ఊపకు అని మొక్కుకున్నదాన్ని, ఆ క్షణాన ఊపమని చెప్పాలో వద్దనాలో తెలియక, నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. బంతి వచ్చింది. సరిగ్గానే వస్తున్నట్టుంది. చివర్లో కొంచెం, చిట్టి ఛాతీకంటే కొంచెం పైకి లేచింది. ఏ మామూలు పొడుగు మనిషికైనా అది మంచి బంతే. చిట్టి కదలలేదు. అంపైర్ ఒక్క క్షణం ఆగి, "బాల్!" అన్నాడు. అంటే అదీ పక్కకు పోయినట్టే లెక్క, నాలుగోది.

గ్రౌండ్ అంతా అరుపులు. నేను మాత్రం కదలలేదు. ఏడుస్తున్నాను, బేస్‌ను వదిలితే ఏదో జరిగిపోతుందన్నట్టు దాని మీదే నిలబడి ఏడుస్తున్నాను. నేను పోయి పళ్లెం తొక్కితే తప్ప పరుగు లెక్కలోకి రాదు. పీడీ సార్ గట్టు దిగి పరుగెత్తుకొచ్చి, "నడువే తల్లీ! ఏడ్సుడు గాడికి పోయి ఏడువు!" అని అరిచారు. వినిపించుకోలేదు. చివరికి వారం రోజులుగా నాతో మాట్లాడని లంబు, "ఓ క్యాప్టెన్! పోతవా, ఎత్తుకపోవాల్నా?" అంది. అప్పుడు కదిలాను. పరుగెత్తాల్సిన పని లేదు, ఎవరూ నన్ను ఔట్ చేయలేరు. ముక్కు తుడుచుకుంటూ, తీరుబడిగా, పొద్దుటి ఎండలో నడిచి వెళ్లి హోమ్ ప్లేట్ తొక్కాను. మా సార్ నెత్తి గోక్కుంటూ, "గెలుపంటే గెలుపే గని, ఇదేం గెలుపో!" అన్నారు. ఆ వెంటనే, "రేపు పొద్దున ప్రాక్టీస్ ఉన్నది, అందరు రండ్రి" అన్నారు. అంతే. తాళం మాట మళ్లీ ఎత్తలేదు. రెండో మ్యాచ్‌లో మేం చిత్తుగా ఓడిపోయినా ఎత్తలేదు.

ఇదంతా జరిగి ఏళ్లయింది. ఇప్పుడు నేను మల్కాజ్‌గిరిలో ఒక ఆఫీసులో కూర్చుని పని చేస్తున్నాను, కూర్చుంటే మోకాళ్లు కటకటమంటాయి. ఆనాటి మూడో బేస్ అమ్మాయి ఎప్పుడైనా గుర్తొస్తుంది, కళ్లనిండా నీళ్లతో, కదలడం మరిచిపోయి. ఆమె చెయ్యి పట్టుకుని "అయిపోయింది, ఇక నడువు" అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. ఆ అమ్మాయిని ఇంకొంచెంసేపు అలాగే నిలబడి ఏడవనీ. అంత హాయిగా ఏడ్చే అవకాశం ఆమెకు మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో.