మా నాయన 'అండి' అన్నప్పుడు

నన్ను 'మీరు' అనొద్దని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పేస్తాను. ఈ తిరుపతిలో ఇప్పుడు చెప్పులు కొనడానికి పోయినా 'రండి మేడం, కూర్చోండి మేడం'. వద్దంటే అందరూ నా వినయం అనుకుంటారు. వినయం లేదు, పాడూ లేదు. ఆ మాట మెత్తగా చెవిన పడితే ఇప్పటికీ నా చూపు తలుపు వైపు పోతుంది.

చిన్నప్పుడు మేం బంగారుపాళ్యంలో ఉండేవాళ్ళం. నాయన తోటల నుంచి మామిడి లోడ్లు జ్యూస్ ఫ్యాక్టరీలకు తోలించేవాడు. మామూలుగా అమ్మను 'మేయ్' అని, నన్ను 'ఒసే' అని పిలిచేవాడు. ఆ పిలుపు వింటే మాకు ప్రాణం కుదుటపడేది. ఆయన అరిచినా భయం లేదు. గొంతు తగ్గించి, "మేడం గారూ, కాస్త లోపలికి రండి" అన్నాడంటేనే మా పని అయిపోయినట్టు. అమ్మ లోపలికి వెళ్ళేది. తలుపు పడేది. తర్వాత, "చిన్న మేడం గారు కూడా రండి." బెల్టు ఆ తర్వాత.

సాయంత్రం ఆయన బండి ఆగగానే పుస్తకం ముందేసుకుని, మొదటి మాట చివర ఏముంటుందా అని ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఏ పాఠమూ బుర్రకెక్కేది కాదు. బడిలో నన్ను మొద్దు అనేవారు. మొద్దునట! ఇంట్లో చెవులు రిక్కించుకుని కూర్చోవడానికే నా తెలివంతా సరిపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అమ్మ తమ్ముడు, మా మామ, పాకాల నుంచి వచ్చాడు. ఆయనకు రైల్వేలో ఉద్యోగం. కొత్తగా పెళ్ళయింది. అత్తది గోదావరి వైపు. కుక్కను అదిలించినా చివర 'అండి' తగిలించే ఊరు. ఆ మాట తీరంటే మామకు తెగ ముద్దు, తనూ పలకాలని తంటాలు పడేవాడు.

నాయన మామ పక్కన అన్నానికి కూర్చున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. అమ్మ వైపు చూసి నవ్వాడు.

"పప్పులో ఉప్పు మర్సిపోయినట్టుండారు మేడం గారు. పర్లేదండీ. తమ్ముడు బస్సెక్కి పోనీండి, మాట్లాడుకుందాం."

అమ్మ గరిటె గిన్నెలో వదిలేసి గోడ వైపు జరిగింది. మామకు అది కనిపిస్తేగా! ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూస్తివా కోడలా, మీ నాయన ఎంత మర్యాదస్తుడో! మా పాకాలలో ఒక్క మొగోడన్నా పెండ్లాన్ని అండి అంటాడా?"

మామ చెయ్యి కడుక్కున్నాడు. సంచి తీసుకున్నాడు. ఒక్కో పనీ నేను లెక్కపెడుతున్నాను. ఈయన పోతే అమ్మ ఏమైపోతుంది? సాగనంపుతానని చెప్పి మామ వెనకాలే రోడ్డు దాకా పరిగెత్తాను. మామ ఎక్కాల్సిన చిత్తూరు బస్సు వంపు దగ్గర కనబడగానే ఆయన చొక్కా పట్టుకున్నాను.

"మామా, పోవద్దు."

"పోకుంటే ఎట్లమ్మే? డ్యూటీ ఉండాది నాకు."

"నాయన అమ్మను అండి అన్నాడు."

"అంటే మంచిదే కదే!"

"మంచిది కాదు మామా. అండి అంటే కొడతాడు."

ఆయన పెద్దగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకేం చెప్పాలో తెలియక పావడా మోకాళ్ళ దాకా ఎత్తి చూపించాను. బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. మామ నా కాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి తలుపు వేసి ఉంది. మామ దబదబా బాదాడు. తీసింది నాయనే. వెనక అమ్మ గోడకు ఆనుకుని, చీర కొంగుతో నోరు మూసుకుని ఉంది.

"అక్కా, రా. పాకాలకు పోదాం."

"దయచేయండి," అన్నాడు నాయన, అదే గొంతుతో. "ఎన్నాళ్ళుంటారో ఉండి రండి మేడం గారూ."

ఈసారి మామ నవ్వలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

పాకాల చేరేసరికి పొద్దు వాలింది. అత్త గబగబా కంచాలు పెట్టింది. పాపం, ఆమెకేం తెలుసు? "రండి వదినా, కూర్చోండి" అంది ప్రేమగా. అమ్మ తల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. నేను మంచం కిందికి దూరాను. అత్త బిత్తరపోయింది. మామ ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"తినండ..." అని నాలుక కరుచుకుంది. "తిను వదినా. నువ్వు తిను."

పెద్దవాళ్ళను పుట్టి బుద్ధెరిగి నువ్వు అనని మనిషి. ఆ మాట అనడానికి ఆమె ముఖమంతా ఎర్రబడింది. ఆ తర్వాత మేమున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మరో 'అండి' వినబడలేదు.

అమ్మ కంచంలో అన్నం మెల్లగా తింది. తలెత్తకుండానే, "ఇంగొంచెం పెట్టు" అంది. అమ్మ అన్నం అడగడం నేను వినడం అదే మొదలు. నేను మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని, నాయన బండి చప్పుడు కోసం వీధి వైపు చెవి పెట్టి కూర్చున్నాను.