బిగించని చక్రం

ఏడ్చే మగవాణ్ణి నమ్మొద్దంటారు. నేను మాత్రం నవ్వించే మేస్త్రిని నమ్మలేదు. నంద్యాలలో కాలేజీ బస్సులు బాగుచేసే మా షెడ్డుకు ఆయన కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందున్న మేస్త్రి వేరే రకం. ఒక్క బోల్టు తక్కువైతే చాలు, అందరినీ పిలిచి, తప్పు చేసినవాణ్ణి మధ్యలో నిలబెట్టి, వాడి అమ్మానాన్నల దాకా పోయేవాడు. ఆయన పుణ్యమా అని మాకందరికీ తప్పును మాటుచేసే విద్య బాగా అబ్బింది.

కొత్తాయన్ని భాయ్ అని పిలిచేవాళ్లం. పొద్దున టీ తాగేటప్పుడు రోజుకొకటి, తాను చేసిన తప్పే చెప్పేవాడు. ఒకసారి వైర్లు తారుమారుగా కలిపాడట. యాగంటి దారి పొడుగునా డ్రైవర్ బ్రేకు తొక్కినప్పుడల్లా హారన్ మోగిందట. బర్రెలు కూడా మర్యాదగా పక్కకు జరిగాయనేవాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, పైపైన. మన తప్పులు మన నోటితోనే కక్కించి రేపు ఇంటికి పంపడానికే ఈ తియ్యటి మాటలని నా అనుమానం. ముప్పై దాటిన మనిషిని, ఇంట్లో పెళ్లాం, చంటిబిడ్డ. పని పోతే ఏం తినాలి?

ఆ రోజు ఆళ్లగడ్డ బస్సు ముందు ఎడమ చక్రం పంక్చరైతే మార్చాను. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నట్లు చేత్తో ఎక్కించాక పొడుగు పానాతో ఒక్కొక్కటీ బిగించాలి. బిగించినదాని మీద పసుపు చాక్‌పీసుతో గీత గీయాలి. ఆ గీతలు చూసుకున్నాకే డ్రైవర్ బండి తీస్తాడు. నేను నట్లు చేత్తో ఎక్కించాను. చాక్‌పీసు చేతిలోనే ఉంది, బిగించడం ఎంతసేపులే అని గీతలు ముందే గీసేశాను. అంతలో అవతల ఇంకో బండి కింద జాకీ జారుతోందని ఎవరో కేకేస్తే పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి బస్సు లేదు. కాలేజీ వదిలే వేళ కదా, డ్రైవర్ గీతలు చూసుకుని వెళ్లిపోయాడు.

నలభై మంది పిల్లలెక్కే బస్సు. డ్రైవర్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. భాయ్ పదడుగుల దూరంలోనే ఇంజను మీద వంగి ఉన్నాడు. వెళ్లి చెప్పాలి. వెళ్లలేదు. నా మనసుకు సిగ్గు లేదు, అప్పుడు కూడా పని పోతుందనే ఆలోచించింది. చేతి బిగువు చాల్లే, ఏమీ కాదులే అని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను. పానా చేతిలోకి తీసుకున్నాను, మళ్లీ కింద పెట్టాను.

భాయే తల ఎత్తి నన్ను చూశాడు.

"ఏందప్పా, దయ్యాన్ని సూసినట్ల ఉండావ్? నేను పొద్దున అద్దంలో సూసుకున్నప్పుడు గూడా ఇంత భయపడల్యా."

నవ్వు రాలేదు గానీ నోరు తెరుచుకుంది. ఆళ్లగడ్డ బండి నట్లు బిగించలేదని, బండి వెళ్లిపోయిందని చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. గుప్పెడు నట్లు జేబులో పోసుకుని బైకు తీశాడు. పానా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారిలో మనుషులు గుంపుగా కనపడ్డ చోటల్లా బస్సు బోల్తా పడిందేమోనని మెడ చాచి చూశాను. ఒకచోట చూస్తే అరటిపళ్ల బండి. ఇంకోచోట ఎవరో గొర్రెలు తోలుతున్నారు. ఆ పిల్లల తల్లులంతా నా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డట్టే అనిపించింది. భాయ్ బైకు వేగం ఇంకా పెంచాడు.

శిరివెళ్ల దాటాక బస్సు అందింది. దాటి ముందుకెళ్లి పక్కకు ఆపించాం. చక్రం దగ్గర కూర్చుని చూస్తే రెండు నట్లు లేనే లేవు. మిగతావి వేళ్లతో తిప్పితే తిరుగుతున్నాయి. స్టీరింగు వణుకుతుంటే రోడ్డు బాగలేదేమో అనుకున్నానన్నాడు డ్రైవర్.

లేనివి ఎక్కించాం. పానా రెండుసార్లు నట్టు మీంచి జారింది. భాయ్ నా చేతుల మీద తన చేతులేసి నొక్కాడు. కిటికీలోంచి ఒక అమ్మాయి తొంగి చూసింది.

"ఇంగా ఎంతసేపన్నా? మాయమ్మ ఎదురు సూస్తాంటాది."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే నట్లన్నీ బిగించాను.

ఆ చక్రం పైనున్న సీట్లో నన్ను కూర్చోబెట్టి, భాయ్ బైకు మీద చక్రాన్నే చూసుకుంటూ పక్కనే వచ్చాడు. ఆళ్లగడ్డలో చివరి పిల్ల దిగాక బస్టాండు గోడ వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

"బండి ల్యాదని తెలిసినాక నాకు సెప్పేదానికి ఎంతసేపు పట్టింది?"

"పది నిమిషాలు భాయ్."

"పది నిమిషాలా," అన్నాడు. "అట్లయితే నేను మిమ్మల్ని భయం పొయ్యేటట్ల ఇంగా నవ్వించనే ల్యా."