బావమరిది చూస్తేనే బంతి కదిలేది

మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, కుట్టుమిషను పక్కన పాత కంప్యూటరు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన దర్జీ మావయ్యే. తెర మీద ఫుట్‌బాల్ ఆటలో బంతి గోలు దగ్గరకు వెళ్లిందంటే చాలు, మిషను తొక్కే కాలు దానంతటదే జోరందుకుంటుంది. అలా ఎన్ని చొక్కాల చేతులు మూసుకుపోయాయో! ఆ కంప్యూటర్లో ఆటలు చూపించే లైవ్ టీవీ సాఫ్ట్‌వేరుది చిత్రమైన పద్ధతి. చూసేవాళ్లే బొమ్మను ఒకరి నుంచి ఒకరికి అందిస్తుంటారు. జనం ఎక్కువైతే బొమ్మ పరుగెడుతుంది, పలచబడితే బిగుసుకుపోతుంది. మావయ్య జట్టేమో గెలవడం మరిచిపోయిన జట్టు, దాని ఆట చూసే నాథుడే ఉండడు. అందుకే కొలతలకు వచ్చినవాళ్ల ఫోన్లలో కూడా అదే పెట్టిస్తాడు. "చూడక్కర్లేదమ్మా, అలా తెరిచి ఉంచు చాలు!"

ఆ ఆదివారం మధ్యాహ్నం దుకాణంలో ఈగలు తప్ప ఎవరూ లేరు. ఇంట్లో కూర్చుని అదే ఆట చూస్తున్న బావమరిది ఒక్కడే దిక్కు. వాడేమో అవతలి జట్టు మనిషి. ఉన్నట్టుండి మావయ్య జట్టు గోలు కొట్టింది. మావయ్య గంతేశాడు. కాళ్లు నేలకు ఆనేలోపే బొమ్మ బిగుసుకుపోయింది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, కట్టేశావా?"

"మావాళ్లు ఓడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా బావా?"

"మీవాళ్లూ కొడతార్రా! నా మాట విను, పెట్టు!"

పెట్టాడు. బంతి కదిలింది. అంతలోనే మావయ్య జట్టు ఆటగాడు మళ్లీ గోలు ముందుకు దూసుకొచ్చాడు, ఎదురుగా అడ్డే లేదు. మావయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అరిచిన అరుపుకి వీధి వీధంతా ఉలిక్కిపడింది.

"వద్దురా నాయనా, కొట్టకురా!"