కాలేషా జేబులో తొమ్మిది పీలికలు

మా తెనాలిలో టైలర్ కాలేషా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. జాకెట్టుతో పాటు అతను ఒక చిన్న మూట కూడా ఇస్తాడు. మనమిచ్చిన గుడ్డలో మిగిలిన పీలికలన్నీ, వేలెడు వెడల్పువి కూడా వదలకుండా, దారంతో కట్టి చేతిలో పెడతాడు. "ఇవెందుకు కాలేషా, పారెయ్" అని నేను ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాను. "మీ బట్ట టీచర్ గారూ, నేనెలా పారేస్తానండి" అని అతనూ ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాడు.

అతను పుట్టింది రేపల్లెలో. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామ తన కొట్లో కూర్చోబెట్టి కాజాలు కుట్టడం నేర్పించాడు. టైలరన్నవాడు గుడ్డ కొట్టేస్తాడని జనానికి ఎప్పుడూ ఒక అనుమానం. ఆ మాట తన కొట్టు గడప తొక్కకూడదని ఆ మామ పంతం. సాయంత్రం కొట్టు మూసేముందు నేలమీది పీలికలన్నీ ఏరి, ఎవరివి వాళ్ళకి విడివిడిగా కట్టాలి. ఒక్కటి తప్పిపోయినా చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడట. తర్వాత కాలేషా బాపట్లలో కొన్నాళ్ళు పనిచేసి, జరీనాని పెళ్ళి చేసుకుని, తెనాలి వచ్చి సొంత మిషను పెట్టుకున్నాడు. ఇప్పుడు అరవై దాటాయి. రోడ్డు మీద గుడ్డముక్క కనబడితే ఇప్పటికీ వంగి తీస్తాడు. "ఈయనతో బజారుకి పోవడమంటే కోసిన చేలో పరిగె ఏరడానికి పోయినట్టేనండి" అని జరీనా నవ్వుతుంది.

నా పేరు నిర్మల. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా నోరు మంచిది కాదని బళ్ళోనూ తెలుసు, మా చర్చిలోనూ తెలుసు. నాకు మాత్రం అది నిక్కచ్చితనం అనిపించేది, మొన్న అక్టోబరు దాకా.

షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే కాలేషా మా వాకర్స్ సంఘంలో చేరాడు. సంఘానికి పెద్ద రమేష్ బాబు. ఆఫీసరుగా రిటైరయ్యాడు గానీ ఆఫీసు ఆయన్ని వదల్లేదు. మెడలో విజిలు వేసుకుని నడుస్తాడు. ఆయనే ఒక రెండో శనివారం మమ్మల్ని వ్యానెక్కించి విజయవాడ అవతల ఒక కొండకి నడకకి తీసుకెళ్ళాడు.

మాది డెల్టా. కాలవగట్టే మాకు ఎత్తు. కాలేషా అరవై ఏళ్ళలో కొండని బస్సు కిటికీలోంచి చూడటమే గానీ ఎక్కింది లేదు. వ్యాను దిగి తలెత్తి అలా చూస్తూ నిలబడిపోయాడు. "ఇంత పెద్దదాన్ని ఎవరు కొలిచారో టీచర్ గారూ" అన్నాడు, మెళ్ళో టేపు ఉందేమోనని తడుముకుంటూ. అందరం నవ్వాం.

వ్యానులోనే రమేష్ బాబు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. "కొండమీద కాయితం ముక్క కూడా వదలకూడదు. దారిలో ఎవరు పారేసింది కనబడినా ఏరి కిందికి తేవాలి." అది కాలేషా బుద్ధిగా విన్నాడు. కొండ కింద రమేష్ బాబు ఇంకో మాట చెప్పాడు. "బాగా నడిచేవాళ్ళు నాతో ముందు రండి. దారి చీలినచోటల్లా కొమ్మకి ఎర్రగుడ్డ కడతాను. నెమ్మదిగా నడిచేవాళ్ళు అరగంట ఆగి ఆ గుడ్డలు చూసుకుంటూ రండి." ఆ మాట చెప్పేటప్పటికి కాలేషా అక్కడ లేడు. పంపు దగ్గర మంచినీళ్ళు పడుతున్నాడు. అతను నింపుతున్న సీసాల్లో ఒకటి నాది.

అతను ముందు జట్టులో చివరివాడుగా వెళ్ళాడు. నా మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి నేను రెండో జట్టులో ఉన్నాను. ఆరుగురు ఆడవాళ్ళం ఇడ్లీలు తిని బయలుదేరాం. మొదట ఎంత బాగుందో! రాళ్ళ మధ్య సన్నటి దారి, రెండు పక్కలా సీతాఫలం చెట్లు, మంచుకి తడిసిన గడ్డి వాసన. వెనక్కి తిరిగితే కృష్ణ తెల్లగా, ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతోంది. మాలో ఝాన్సీలక్ష్మి అనే ఆమె ఫోటోల మీద ఫోటోలు తీసింది.

దారి చీలింది. ఎర్రగుడ్డ లేదు. ఇది చీలిక కాదేమోలే అనుకుని కుడివైపు నడిచాం. మళ్ళీ చీలింది. మళ్ళీ లేదు. కొండ వెనక్కి వెళ్ళేసరికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. రెండున్నర గంటలు ముళ్ళల్లో తిరిగాం. చీర చిరిగింది, మోకాలు వాచింది. ఎండ ముదిరాక ఝాన్సీలక్ష్మికి కళ్ళు తిరిగి కూలబడిపోయింది. మా కేకలు విని కొండ కాపలా మనిషి వచ్చి, ఆమెని భుజం పట్టి దించితే గానీ మాకు ప్రాణాలు కుదుటపడలేదు.

పైన ఎంతసేపు చూసినా మేము రాకపోతే ముందు జట్టు దిగొచ్చింది. దిగేటప్పుడు రమేష్ బాబు చూసుకున్నాడు, ఒక్క గుడ్డా లేదు. "నేను కట్టిన తొమ్మిదీ ఎవడో ఊడదీశాడు! మనుషుల్ని చంపుదామనా!" అని అరిచాడు. ఆ అరుపు విన్నప్పుడు గానీ అవి దారి గుర్తులని కాలేషాకి తెలియలేదు. అప్పటికి తొమ్మిదీ అతని లాల్చీ జేబులో మడతపెట్టి ఉన్నాయి. ఎవరో కొమ్మలకి కట్టి వదిలేసిన కొత్త పాప్లిన్ గుడ్డ, చెప్పినట్టే ఏరి తెచ్చాడు. కిందికి దిగాక రమేష్ బాబుకే ఇద్దామనుకున్నాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

కింద చెట్టు నీడలో నాగమ్మ అనే ముసలామె సీతాఫలాలు అమ్ముకుంటోంది. తెల్లారే కొండెక్కి కాయలు కోసుకొస్తుందట. గంప మోయడానికి ఆమె తలమీద పెట్టుకున్న చుట్టకుదురు ఎర్రగుడ్డది.

అది ముందు చూసింది నేనే.

"ఈ గుడ్డ ఎక్కడిది?" అన్నాను.

"నా పాత చీర అంచమ్మా."

"అబద్ధాలాడకు. మిగతావి ఎక్కడ దాచావు? గంప వంచి చూపించు."

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల సంచులు వెతికించిన గొంతు అది. నాగమ్మ గంప వంచింది. కాయలు మట్టిలో దొర్లాయి. పండినవి చితికిపోయాయి. అందులో గుడ్డ లేదు. గుడ్డ లేనందుకు నా కోపం ఇంకా పెరిగింది. "పొదల్లో పారేసి ఉంటుంది. ఇలాంటి వాళ్ళని కొండెక్కనిస్తే ఇంతే" అన్నాను. కాపలా మనిషి మా వైపు చూసి, ఆమె వైపు చూసి, "రేపట్నుంచి ఈ దారిలో కనబడకు" అన్నాడు. కాలేషా ఒక్కడే వంగి, దొర్లిపోయిన కాయలు ఒక్కొక్కటీ ఏరి, మట్టి తుడిచి గంపలో పెట్టాడు. ఎంత మంచివాడో అనుకుంటూ వ్యానెక్కాను.

ఆ తర్వాత మూడు వారాలు కాలేషా నడకకి రాలేదు. కొట్టుకి వెళితే తల వంచుకుని మిషను తొక్కుతున్నాడు. నేనిచ్చిన జాకెట్టు చేతులు తారుమారు చేసి కుట్టాడు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ జరగలేదు. "ఏంటి కాలేషా, మనసెక్కడుంది?" అని కసురుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి కాయితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీ చేసి మడతపెట్టిన తొమ్మిది ఎర్ర పీలికలు.

"నేనేనండి" అన్నాడు. "చెత్తనుకుని విప్పాను. అది పొరపాటే. దానికి నాకు సిగ్గు లేదు టీచర్ గారూ. కానీ ఆమె గంప వంచుతుంటే నా చెయ్యి జేబులో ఈ గుడ్డల మీదే ఉంది. టైలరు దొంగే అంటారేమోనని నోరు రాలేదు. మా మామ ఏ మాట పడకూడదనుకున్నాడో, ఆ మాట ఆమె మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డానండి." పీలికలు మళ్ళీ పొట్లం కట్టాడు. "అన్నం తినబుద్ధి కావట్లేదు. ఒక్కణ్ణీ వెళ్ళలేకపోతున్నాను. మీరు వస్తారా?"

అతన్ని తిడదామని నోరు తెరిచాను. అరిచింది నేను కదా. తెరిచిన నోరు మూసుకుని చెప్పులు వేసుకున్నాను.

రైల్లో విజయవాడ, అక్కణ్ణుంచి ఆటో. ముందు కాపలా మనిషికి జరిగింది చెప్పాం. "అవునా? సరే, రమ్మనండి ఆమెని" అన్నాడు, పళ్ళు తోముకుంటూ. అంతే. రెండు నిమిషాల పని. దానికి మూడు వారాలు పట్టింది మాకు.

నాగమ్మ మెయిన్ రోడ్డు మలుపులో కూర్చుని ఉంది. నీడ లేదు. గంపలో నాలుగు కాయలున్నాయి. చుట్టకుదురు లేదు, ఒట్టి తలమీదే కొంగు కప్పుకుంది. కాలేషా ఆమె ముందు నేలమీద కూర్చుని, ఆ పీలికలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"అమ్మా, వీటిని తీసింది నేను. ఆరోజు చెప్పలేదు. నన్ను..." అని ఆగిపోయాడు.

ఆమె పీలికల వంక చూడలేదు, అతని మొహం వంక చూసింది.

"తెలుసు సాయిబు గారూ. కాయలు కోస్తా చెట్టు చాటునుంచి చూశా మిమ్మల్ని. ఒక్కోటి విప్పి ఎంత చక్కగా మడతపెట్టుకున్నారో."

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే నమ్మేవాళ్ళా అమ్మా?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. ముప్ఫై నాలుగేళ్ళు ప్రశ్నలు వేసి, జవాబు చెప్పలేని పిల్లల్ని నిలబెట్టినదాన్ని, ఆ నడిరోడ్డు మీద నిలబడిపోయాను. నమ్మేదాన్ని కాదు. పైగా ఇంకో మాట అదనంగా అనేదాన్ని.

"తప్పయిపోయింది నాగమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లో ఎంత కొత్తగా ఉందో నాకే తెలిసింది.

ఆమె తలూపింది. కాలేషా కళ్ళు తుడుచుకుని, కాపలా మనిషి రమ్మన్నాడని, ఇక పాత చోటికే వెళ్ళొచ్చని చెప్పాడు. ఆమె అందుకు సంతోషించినట్టు లేదు. గంపలోంచి రెండు పళ్ళు తీసి, మెత్తబడ్డాయో లేదో నొక్కి చూసి, అతని చేతిలో పెట్టింది.

"కాయలు ఏరి తుడిచి పెట్టారు కదా ఆరోజు" అంది. "అంత మంచోరు, ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అనుకున్నా. మీ వ్యాను మలుపు తిరిగేదాకా చూశా."

తిరుగు రైల్లో కాలేషా నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ పళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ తినలేదు. తెనాలి వచ్చేదాకా అతను తలెత్తలేదు. నేనూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనే మొహం నాకెక్కడుంది.