వెనక సందులో ముగ్గు

గల్ఫ్‌లో మేముండే రిగ్గైలో మా భవనానికీ వెనకదానికీ మధ్య ఒక సందు ఉంది. ఏసీల నీళ్ళు కారుతూ, విరిగిన సోఫాలతో ఎవరికీ పట్టకుండా పడి ఉండేది. నా వంటింటి కిటికీ దాని మీదికే. విజయవాడలో రోజంతా ఎవరో ఒకరితో వాగే మనిషిని నేను. ఇక్కడ మావారు పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో వినిపించేది కుక్కర్ కూత ఒక్కటే.

ఒకరోజు ఫోన్‌లో ఒక వీడియో చూశాను. చైనాలో ఏదో పాత పేట. ఎవరూ నడవని ఇరుకు సందులు ఊడ్చి, బల్లలు వేస్తే జనం వచ్చి కబుర్లలో పడ్డారు. మనమూ చేయొచ్చుగా అనిపించింది. ఇక్కడి ఇళ్ళల్లో పనికి వచ్చి, శుక్రవారం సెలవు దొరికిన కడప, రాయచోటి ఆడవాళ్ళు బస్టాపు దగ్గర ఎండలో నిలబడే మాట్లాడుకుంటారు. వాళ్ళు సందులోకి వస్తే నాకూ నలుగురు మనుషులు దొరుకుతారు. అదీ నా ఆశ.

భవనం చూసుకునే హారిస్‌ను బతిమాలి సోఫాలు తీయించాను. బల్లలు వేయించి, పుదీనా కుండీలు పెట్టాను. ఆ ఉత్సాహంలో సందు మొదట్లో అడ్డంగా పెద్ద చుక్కల ముగ్గు కూడా వేశాను.

మూడు శుక్రవారాలు గడిచాయి. పిల్లులు తప్ప ఒక్కరూ రాలేదు. ఒళ్ళు మండి, బస్టాపుకు వెళ్ళి ఒకావిడను నిలదీశాను.

"ఎవురో వాకిట్లో ముగ్గేసుకున్యారు గదమ్మా. ఒకరింటి వాకిట్లో పోయి ఎట్ల కూచ్చుంటాం? అందుకే చుట్టు తిరిగి పోతాండాం" అందావిడ.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! అందరిదీ కావాలని బాగుచేసిన సందును నా చేత్తోనే నా వాకిలి చేసి కూర్చున్నాను. ఇంటికొచ్చి రెండు బకెట్ల నీళ్ళు పోసి కడిగేశాను.

పై శుక్రవారం పదిమంది వచ్చారు. పనిచేసే ఇంటి యజమానురాలిని వాళ్ళు మామా అంటారు. ఒకామె తన మామా నడకనూ అరుపునూ చేసి చూపిస్తుంటే మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కిటికీలోంచి విన్న నాకు ప్రాణం లేచొచ్చింది. మంచి చీర కట్టుకుని, ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని గబగబా దిగాను.

నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు.

"అయ్యో, కూర్చోండమ్మా, నేనూ కూర్చుంటాను" అన్నాను. ఎవరూ కూర్చోలేదు. బస్టాపులో మాట్లాడినావిడే చున్నీతో బల్ల తుడిచి, "మీరు కూచ్చోండి మామా" అంది.

ఏడుపొచ్చింది. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, పని ఉందని అబద్ధం చెప్పి మెట్లెక్కాను. రెండో అంతస్తు చేరేలోపే కింద మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి.