ఎంగిలి స్టాంపుల రఘు మామయ్య

నిన్న శనివారం పొద్దున శ్రావ్య ఫోన్ చేసింది. "నాన్న లేడు బావా" అంది.

"ఈసారి ఏ ఊళ్ళో స్టాంపుల షో?" అన్నాను.

శనివారం పూట రఘు మామయ్య ఇంట్లో లేకపోవడం మాకు వార్త కాదు మరి.

అటునుంచి ఏడుపు వినిపించింది.

నిద్రలోనే పోయాడట. ముందు ఒక ఉపన్యాసం ఇవ్వకుండా ఆయన చేసిన పని ఇదొక్కటే.

తెలియనివాళ్ళ కోసం: రఘు మామయ్య మా అమ్మ తమ్ముడు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఇంజనీర్. నేను ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో నాకు అన్నం పెట్టి, డ్రైవింగ్ నేర్పి, రెండింటికీ సమానంగా తిట్టినవాడు.

ఆయన పాత స్టాంపులు కొనేవాడు. ఎవరి తాతగారో దాచిపెట్టుకుని, వాడకుండా వదిలేసినవి. కొని దాచుకుంటాడనుకునేరు. కాదు, కవర్ల మీద అంటించేసేవాడు.

ఎన్నేళ్ళ నాటిదైనా సరే, ముద్ర పడని స్టాంపు అమెరికాలో ఇప్పటికీ చెల్లుతుంది. కాకపోతే పాతవన్నీ చిల్లర స్టాంపులు. ఒక కవరు కదలాలంటే ఒక క్రికెట్ టీమ్ కావాలి.

ఆయన పంపే బర్త్‌డే కార్డు మీద రాకెట్లు, పిట్టలు, పొగబండ్లు, ఎవరికీ గుర్తులేని ప్రెసిడెంట్లు. వాళ్ళందరి కాళ్ళ దగ్గర ఎక్కడో ఇరుక్కుని నా అడ్రస్.

అత్తయ్య దీన్ని కక్కుర్తి అనేది. మామయ్య మాత్రం విముక్తి అనేవాడు. "అవి పుట్టిందే ప్రయాణం చేయడానికిరా. ఆల్బమ్‌లో పడుకోబెడితే ఎలా?" అని చాలా సీరియస్‌గా అడిగేవాడు. కరెంటు బిల్లు చెక్కు పోస్టు చేసేటప్పుడు కూడా.

రెండేళ్ళ కిందట శ్రావ్య పెళ్ళి. పిల్ల ఈ-ఇన్వైట్ చాలంది. మామయ్య వినలేదు. శుభలేఖలు అచ్చువేయించి, నాలుగు మూలలా పసుపు పెట్టించి, డైనింగ్ టేబుల్ నిండా స్టాంపులు పరిచాడు.

అక్కడ ఒక ధర్మసందేహం వచ్చింది.

ఇప్పటి స్టాంపులు స్టిక్కర్లు. పాతవాటికి వెనక జిగురుంటుంది, తడి చేయాలి. మామయ్య అలవాటుగా నాలుక చాపాడు. అత్తయ్య కేక పెట్టింది. శుభలేఖకి ఎంగిలా?

శ్రావ్య కూడా అత్తయ్య వైపే. కారణం వేరే అనుకోండి. "నాన్నా, అది బేసికల్లీ ఉమ్ము" అంది, తన అమెరికా తెలుగులో.

కాబట్టి గిన్నెలో నీళ్ళు, ఒక స్పాంజి, ఆ స్పాంజి పట్టుకుని మడి కట్టుకున్నంత నిష్ఠగా నేను. వీకెండంతా అదే ఉద్యోగం. వీసా అక్కర్లేని ఉద్యోగం నాకు అదొక్కటే దొరికింది.

చివరికి ఒక కవరు మిగిలింది. దేశానికి ఆ చివర ఫ్రీమాంట్‌లో ఉండే భాస్కర్ అంకుల్‌ది.

భాస్కర్ అంకుల్, మామయ్య తెనాలిలో ఒకే బెంచీ. అమెరికా వచ్చాక ఒకే అపార్ట్‌మెంట్. ఆ తర్వాత ఊళ్ళో తెలుగు సంఘానికి ప్రెసిడెంట్ ఎన్నిక వచ్చింది. ఇద్దరూ నిలబడ్డారు. అంతే. రెండు సంఘాలు, రెండు ఉగాదులు, రెండు పచ్చళ్ళు. చేదు మాత్రం ఒకటే.

అంకుల్ ఉద్యోగం మారి ఫ్రీమాంట్ వెళ్ళిపోయాక గొడవ నేషనల్ లెవెల్‌కి ఎదిగింది. ఏళ్ళ తరబడి మాటల్లేవు.

ఆ కవరు మీద మామయ్య నన్ను చెయ్యి వేయనివ్వలేదు. స్టాంపులు తనే ఏరుకున్నాడు. స్పాంజి పక్కన పెట్టి, ఒక్కొక్కటే నాలుకతో తడిచేసి అంటించడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, అది శుభలేఖ" అంది అత్తయ్య.

"వాడికి నా ఎంగిలి కొత్తా?" అన్నాడు మామయ్య.

అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే జామకాయ. చొక్కా అంచు కప్పి కొరికితే అది కాకి ఎంగిలి, తప్పులేదు. కొన్నాళ్ళకి చొక్కా కప్పడం కూడా మానేశారట.

"రాకపోతే రాకపోనీరా" అన్నాడు నాతో, కవరు అరచేత్తో నొక్కుతూ. "పిలవలేదని మాత్రం వాడు అనుకోకూడదు."

జవాబు రాలేదు. పెళ్ళి వెబ్‌సైట్‌లో 'వస్తున్నాం' అన్న టిక్కూ పడలేదు. శ్రావ్య సీటింగ్ చార్ట్‌లోంచి పేరు తీసేయబోతే మామయ్య తీయనివ్వలేదు. పెళ్ళి రోజు కన్యాదానం చేస్తున్న మనిషి చూపు, పంతులుగారు ఎన్నిసార్లు పిలిచినా, హాలు తలుపు మీదే ఉంది.

తలంబ్రాల వేళకి భాస్కర్ అంకుల్ వచ్చాడు.

సారీలు లేవు, కౌగిలింతలు లేవు. సినిమా సీన్ రికార్డు చేద్దామని ఫోన్ తీసి నిలబడ్డ నేను దారుణంగా మోసపోయాను. అంకుల్ తిన్నగా మామయ్య దగ్గరికి వెళ్ళి, "భోజనాలు ఎక్కడరా?" అని అడిగాడు.

పక్కపక్కనే కూర్చుని తిన్నారు. మామయ్య కొరికి వదిలేసిన బూరె అంకుల్ తీసి నోట్లో వేసుకున్నాడు. అత్తయ్య చూసి కూడా ఏమీ అనలేదు. మామయ్య కళ్ళు తుడుచుకుని, ఆవకాయ ఘాటు అన్నాడు. ఆయన విస్తట్లో ఆవకాయ లేదు.

ఆ తర్వాత ఈ రెండేళ్ళూ ఇద్దరూ రోజూ ఫోన్లో పోట్లాడుకున్నారు. అత్తయ్య మాటల్లో, అంత ప్రశాంతంగా మామయ్య ఎప్పుడూ లేడు.

నిన్న రాత్రి ఫ్లైట్‌కి భాస్కర్ అంకుల్ వచ్చేశాడు. అత్తయ్యకి కాఫీ కలిపి ఇచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చున్నాడు. ఇంటికొచ్చే ఫోన్లన్నీ ఆయనే తీస్తున్నాడు. అవతలివాళ్ళు మీరెవరండీ అని అడిగితే, "ఇంటి మనిషినండీ" అంటున్నాడు.

విని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. జోకు వేయడం మానేసి, కాఫీ గిన్నె తోమాను.

మామయ్యా, ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు నిశ్చింతగా ఉండు. నీ మనసుకి ఇక ఏ వెలితీ లేని శాంతి దొరకాలి.